నోటీసు బోర్డు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో ఏ పంచాయతీ ఆఫీసు ముందు నిలబడ్డా కనపడేది ఇంచుమించు ఒకటే. వరండా గోడకు బిగించిన చెక్క పెట్టె, ముందు అద్దం తలుపో ఇనుప జాలీయో, దానికో చిన్న తాళం. లోపల గుండుసూదులు గుచ్చిన నాలుగైదు కాగితాలు. ఎండ తగిలే వైపున్నవి పసుపు తిరిగి, జిరాక్స్ అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. ఒకదాని మీద ఇంకొకటి గుచ్చడంతో కింది కాగితంలో సగం వరసలు దాగిపోతాయి. అద్దం మీద ఎవరో ట్యూషన్ సెంటర్ పాంప్లెట్ అంటించి పోతారు. పెట్టెకు అడ్డంగా ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీయో వేలాడుతున్నా ఎవరూ వింతగా చూడరు.

"దీన్నెవరు చదువుతరు" అని నవ్వి పోవచ్చు. చట్టం మాత్రం ఊరంతా చదివిందనే అనుకుంటుంది. చిక్కంతా అక్కడే.

భూసేకరణ సంగతే చూడండి. 2013 చట్టం ప్రకారం ఒక ఊళ్లో భూమి తీసుకోవాలంటే ప్రాథమిక నోటిఫికేషన్‌ను రాజపత్రంలో, రెండు దినపత్రికల్లో వేయాలి. దాంతోపాటు స్థానిక భాషలో పంచాయతీ లేదా మున్సిపాలిటీలోనూ, కలెక్టర్, ఆర్డీఓ, తహసీల్దార్ ఆఫీసుల్లోనూ ప్రకటించాలి. ఆ ప్రచురణ తేదీ నుంచి 60 రోజుల లోపు, ఆ భూమితో సంబంధం ఉన్నవాళ్లు అభ్యంతరాలు రాసి ఇవ్వాలి. ఎత్తిపోతల కాలువలు, రిజర్వాయర్లు, రింగు రోడ్ల కింద భూములు పోతున్న దక్షిణ తెలంగాణలో ఇది పుస్తకాల్లో మాట కాదు. అరవై ఒకటో రోజున ఆఫీసుకు పోయి "నాకు తెల్వదు సారూ" అంటే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే. బోర్డు మీద పెట్టాం కదా, చూసుకోవాల్సింది.

పాలమూరుకు ఈ లెక్క ఇంకో రకంగా కూడా తగులుతుంది. దసరా, దీపావళి పోయాక బొంబాయికో, పుణెకో, బెంగళూరుకో కూలికి పోయిన కుటుంబాలు చాలావరకు ఉగాదికి, లేదంటే తొలకరికి తిరిగొస్తాయి. డిసెంబరు మొదటి వారంలో గుచ్చిన కాగితానికి ఫిబ్రవరి మొదటి వారంలో గడువు తీరిపోతుంది. ఇంటికి తాళమేసి పోయినవాడికి పంచాయతీ బోర్డు ఏం చెప్పగలదు? ఊళ్లో ఉన్నవాళ్లనే తలుచుకుని చట్టం ఆ అరవై రోజులు లెక్కపెట్టింది. పాలమూరు లేబర్ అనే పేరు దేశమంతా తెలిసినా, ఆ గడువు రాసినవాళ్ల మనసులోకి వచ్చినట్టు లేదు.

నోటీసు బోర్డు చేసేవి నిజానికి రెండు వేర్వేరు పనులు. ఒకటి సంగతి చెప్పడం. రెండోది, చెప్పామని రుజువు మిగల్చడం. మొదటిది ఊరికి కావాలి, రెండోది ఆఫీసుకు కావాలి. ఈ రెండూ ఒకే కాగితంతో జరిగిపోతాయని అనుకోవడం వల్లే బోర్డులు ఇట్లా తయారయ్యాయి. కార్యదర్శి కాగితం అంటించి, ఫోన్‌తో ఫోటో తీసి, పై ఆఫీసుకు పంపేస్తే రుజువు పని అక్కడికి పూర్తి. ఆ సాయంత్రమే గాలివానకు కాగితం ఊడి మోరీలో పడ్డా ఫైలుకు లోటు లేదు. కార్యదర్శి తప్పని కాదు. ఆయన్ని అడిగేది ఫోటోనే, ఎంతమంది చదివారన్నది కాదు. ఎవరు దేన్ని లెక్కగడతారో అదే జరుగుతుంది.

చాటింపు ఉన్న రోజుల్లో ఈ రెండు పనులూ విడిపోలేదు. డప్పు చప్పుడు వినగానే వాకిట్లోకి రావడం, "ఏం సాటింపు" అని పక్కింటివాళ్లను అడగడం, పొద్దు గూకేలోపు సంగతి ఊరంతా పాకడం జరిగేవి. ఎవరికి వినపడింది, ఎవరికి వినపడలేదు అన్నది ఊరికే తెలిసిపోయేది. చట్టాలు కూడా ఈ డప్పును పూర్తిగా వదల్లేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో స్థిరాస్తి జప్తు ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టించో, అక్కడ వాడుకలో ఉన్న ఇంకో పద్ధతిలోనో చాటాలని ఉంది. తర్వాత ఒక ప్రతిని ఆస్తి మీద, ఒకటి కోర్టు భవనం మీద, ఊరి భూమైతే పంచాయతీ ఆఫీసులోనూ అంటించాలి. ఇంకా వింత ఏమిటంటే, పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం 2006లో తెచ్చిన నోటిఫికేషన్‌లో కూడా డప్పు ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ సంగతిని పత్రికలు అందని చోట డప్పు చాటింపుతో, రేడియో, టీవీల ద్వారా తెలియజేయాలని అందులో రాశారు. కంప్యూటర్లు వచ్చేసిన కాలంలో, ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకూ డప్పు మీద ఇంకా నమ్మకం ఉందన్నమాట.

అట్లాగని చాటింపును తలుచుకుని మురిసిపోవడానికి లేదు. డప్పు కొట్టినవాళ్లు ఎవరో, ఏ కులం వాళ్లో, ఎందుకు కొట్టారో తెలంగాణ మర్చిపోలేదు. నిజాం పాలనలో వెట్టి కింద చేయించిన చాకిరీల్లో అదీ ఒకటి. పైగా దొర చెప్పమన్నదే చాటింపు, వద్దన్నది ఊరికి తెలియదు. కాగితానికి ఒక మంచి గుణం ఉంది. ఒకసారి గోడ మీదికి వచ్చాక ఎవరు చదివినా అదే మాట చెబుతుంది. మోసే మనిషి గొంతు తగ్గించినా, మాట మార్చినా పట్టుబడతాడు.

చదవగలిగితేనే అనుకోండి. హైదరాబాద్ రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. ఇస్తిహారు (సర్కారు ప్రకటన) గోడ మీద ఉన్నా తెలుగు రైతుకు అందులో ముక్క అర్థమయ్యేది కాదు. నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం 1918లో పుట్టడానికి, నీలగిరి పత్రిక 1922లో రావడానికి వెనకున్న ఆకలి ఇదే. ఇప్పుడు భాష మారింది, అక్షరం సమస్య మిగిలింది. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఉమ్మడి రాష్ట్రంలో అదే అట్టడుగు. చదవడం రానివాళ్లు అంతమంది ఉన్న చోట "బోర్డు మీద పెట్టాం" అనే మాటను సగం మాటగానే తీసుకోవాలి.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఊళ్లో బోర్డును ఎవరూ ఒంటరిగా చదవరు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో అభ్యర్థుల పేర్లు, గుర్తుల జాబితా గోడకెక్కిన రోజున పంచాయతీ ఆఫీసుల ముందు గుంపు చేరింది. చదువొచ్చిన పిల్లగాడు ఒకడు ముందు నిలబడి గట్టిగా చదువుతుంటే, వెనకున్నవాళ్లు "మళ్లొక్కసారి చదువు" అంటుంటారు. "కత్తెర ఎవరికొచ్చింది", "ఆయనకు ఉంగరమంట" అని మాటలు నడుస్తాయి. ఒకే కాగితాన్ని పదిమంది ఒకరి ముందు ఒకరు చూడటం వల్ల సంగతి తెలియడంతో ఆగదు. అది అందరికీ తెలుసన్న సంగతి కూడా అందరికీ తెలుస్తుంది. ఫోన్ తెరకు ఈ గుణం లేదు. ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకున్నది ఎవరికి వాళ్లకే ఉంటుంది.

అంకెల విషయంలో అక్షరం రాకపోయినా పెద్ద ఇబ్బంది లేదు. బస్సు నంబరు, పురుగుమందు డబ్బా మీది ధర, రేషన్ కిలోలు చదవలేని మనిషి అరుదు. అందుకే అంకెలున్న బోర్డులు అక్షరాల బోర్డుల కన్నా ఎక్కువ పని చేస్తాయి. రేషన్ షాపు గోడ మీది నల్లబోర్డు ఒకటి. నెల మొదట్లో ఎంత సరుకు ఉంది, ఎంత వచ్చింది, మనిషికి ఎంత ఇవ్వాలి, షాపు తెరిచే వేళలేమిటి, ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఇవన్నీ రాసి పెట్టాలని ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వులు డీలర్లకు చెబుతాయి. ఇస్తున్న బియ్యం నమూనాను కూడా అందరికీ కనపడేట్టు పెట్టాలి. 2025 ఉగాది నాడు సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి 6 కిలోలన్న అంకె అంతకుముందు నుంచే ఇంటింటా తెలుసు కాబట్టి అయిదు మనుషుల కార్డుకు 30 కిలోలు రావాలని ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్క అంకె అందరికీ తెలిస్తే తూకం దగ్గర సగం గొడవ తగ్గుతుంది. సరుకు ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అనే గడులు మాత్రం చాలాచోట్ల ఖాళీగానో, ఎన్నడో రాసిన సుద్దముక్క గీతలతోనో ఉంటాయి. వాటిని చదివే అవసరం కార్డుదారుకు ఉండదు, రాసే ఇష్టం డీలర్‌కు ఉండదు.

అంకెల బోర్డు బలం, దాని హద్దు రెండూ ఒకేసారి చూడాలంటే వడ్ల కొనుగోలు కేంద్రానికి పోవాలి.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు వానకాలం పంట దిగే రోజుల్లో రోడ్డు పక్కన కల్లాలు, వాటి మధ్య ఒక టెంటు, టెంటుకు కట్టిన ఫ్లెక్సీ కనపడతాయి. ఆ ఫ్లెక్సీ మీద 2025-26కు మద్దతు ధర ఏ గ్రేడ్ క్వింటాలుకు 2,389 రూపాయలు, సాధారణ రకానికి 2,369 అని రాశారు. దాని కింద నాణ్యతా ప్రమాణాల పట్టిక. తేమ 17 శాతానికి మించరాదు. మట్టి, రాళ్లు 1 శాతం, గడ్డి, తాలు వంటివి 1 శాతం. రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు తిన్నవి 5 శాతం. పక్వానికి రాని గింజలు 3 శాతం, తక్కువ రకం కలిసినవి 6 శాతం. రైతు ఈ పట్టికను బడి పిల్లగాడిలా వల్లె వేయడు. కానీ 17 అనే అంకె మాత్రం ప్రతి ఒక్కరి నోట్లో ఉంటుంది. తేమ మిషన్ 18 చూపిస్తే ఇంకో పూట ఆరబోయాలి. 16.5 చూపించినా ఆగమంటే "బోర్డు మీద 17 అని రాసినరు కదా" అని నిలదీయొచ్చు. మనిషికి, మిషన్‌కు మధ్య మూడో సాక్షిలా ఆ ఫ్లెక్సీ నిలబడుతుంది.

ఇప్పుడు అదే ఫ్లెక్సీని పై నుంచి కింది దాకా మళ్లీ చదివితే ఒక మాట ఎక్కడా కనపడదు. అది తరుగు. రైతుల నోట ప్రతి సీజన్‌లో వినపడే మాట అదే. 40 కిలోల బస్తాకు సంచి బరువు పోను ఇంకో కిలో తీశారనో, మిల్లుకు పోయాక వడ్లు బాగాలేవని మళ్లీ కోశారనో ఫిర్యాదు. లెక్క వేస్తే ఇది చిన్నదేమీ కాదు. 40 కిలోలకు ఒక కిలో అంటే వందకు రెండున్నర. 100 క్వింటాళ్లు అమ్మిన రైతుకు 2,389 చొప్పున రావాల్సింది 2,38,900. అందులో రెండున్నర శాతం అంటే దాదాపు 6,000 రూపాయలు. ఒక ఎకరం కోత మిషన్ కిరాయి కన్నా ఎక్కువే.

బోర్డు ఇక్కడ రెండు రకాలుగా పని చేసింది. తరుగుకు అందులో గడి లేదు కాబట్టి, అది లెక్కకు బయటిదని రైతు గట్టిగా అనగలడు. అదే సమయంలో, గడి లేదు కాబట్టి దాని మీద మాట్లాడే కాగితమూ లేదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. బోర్డు ఉండేది కేంద్రం దగ్గర. లారీ ఎక్కిన వడ్లు దిగేది మిల్లు దగ్గర. అక్కడ రైతు ఉండడు, ఫ్లెక్సీ ఉండదు, ఫోన్ కాల్ మాత్రం వస్తుంది. ఎక్కడ తీర్పు జరుగుతుందో అక్కడ బోర్డు లేకపోతే మిగతా చోట్ల ఎన్ని కట్టినా ఫలితం అంతంతే.

బాదేపల్లి, తిరుమలగిరి లాంటి మార్కెట్ యార్డుల్లో ఆనాటి గరిష్ఠ, కనిష్ఠ ధరలు రాసే బోర్డు గురించి కూడా చెప్పుకోవచ్చు కానీ, ఇప్పుడు ఆ ధరలు పొద్దున్నే ఫోన్లలో తిరుగుతున్నాయి. మార్కెట్ యార్డులను ఆన్‌లైన్‌లో కలిపే ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న మొదలయ్యాక బోర్డు అక్కడ అలవాటు కొద్దీ ఉన్నట్టే.

జాబితాల బోర్డులది వేరే కథ. ఇల్లెవరికి వచ్చింది, పింఛనెవరికి వచ్చింది, కొత్త రేషన్ కార్డు ఎవరికి అనేవి ఊళ్లో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టి ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డులు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా జాబితాలు చదివి వినిపించారు. జనవరి 26న నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచలో ముఖ్యమంత్రి ఆ నాలుగు పథకాలూ ప్రారంభించారు. ఆ సభల్లో చాలాచోట్ల గొడవలయ్యాయి. టెంటు కింద అధికారి పేర్లు చదువుతుంటే "వాళ్లకు డాబా ఉంది, మాకు రేకుల షెడ్డు కూడా లేదు" అనే మాట వెంటనే వచ్చింది. గొడవ జరిగిందంటే సభ చెడిపోయిందని అధికారులు అనుకుంటారు. నిజానికి జాబితాను బయటపెట్టేది అందుకే. ఎవరి ఇంటికి స్లాబ్ ఉందో, ఎవరికి ఎన్ని ఎకరాలున్నాయో ఊరికి తెలిసినంత కంప్యూటర్‌కు తెలియదు. ఆ తెలివి పనికొచ్చేది జాబితా ఖరారు కాకముందు. ఖరారయ్యాక గోడకు అంటిస్తే మిగిలేది కడుపుమంట ఒక్కటే.

ఉపాధి హామీ ఈ పాఠాన్ని ముందే నేర్పింది. 2006 ఫిబ్రవరిలో దేశంలో 200 జిల్లాలతో అది మొదలైనప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఆ తొలి విడతలో ఉన్నాయి. పని జరిగే చోట బోర్డు పెట్టి పని పేరు, అంచనా ఖర్చు రాయాలని ఆ పథకం చెప్పింది. సామాజిక తనిఖీలో కూలీల పేర్లు, పనిదినాలు, ఇచ్చిన డబ్బు ఊరి ముందు చదవాలనీ చెప్పింది. అంతకు ముందే, 1990లలో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం ఇట్లాంటి బహిరంగ విచారణలు పెట్టి, పంచాయతీ లెక్కలను జనం ముందు చదివించింది. సమాచార హక్కు చట్టానికి పునాది పడింది అక్కడే. మస్టరులో (కూలీల హాజరు పట్టీలో) ఉన్న పేరు గట్టిగా చదివినప్పుడు "ఆయన బొంబాయిల ఉన్నడు కదా, ఈడ మట్టెప్పుడు మోసిండు" అనడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పక్కింటివాళ్లై ఉంటే చాలు. వలస జిల్లాలో ఇంతకన్నా మంచి ఆడిట్ లేదు.

2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఒక వివరణ ఉంది. సమాచారాన్ని ప్రజలకు చేరవేయడమంటే ఏమిటో చెబుతూ నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ప్రసార మాధ్యమాలు, ఇంటర్నెట్ అని వరసగా రాశారు. బోర్డు పేరు మొదట వస్తుంది, ఇంటర్నెట్ చివర్లో వస్తుంది. ఇప్పుడు ఆఫీసులు ఆ వరసను తిరగేశాయి. వెబ్‌సైట్‌లో పెట్టాం, చూసుకోండి అంటే సరిపోతోంది. స్థానిక భాషలో ఉండాలని, జనానికి తేలిగ్గా అందేట్టు ఉండాలని అదే సెక్షన్ చెప్పిన మాట ఎవరికీ గుర్తు లేదు.

అన్నీ గోడకెక్కాల్సినవే అనుకుంటే పొరపాటు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 సంగతి ఈ ప్రాంతంలో కాస్త ఆగి ఆలోచించాలి. ఆ చట్టం కింద పెళ్లి చేసుకోదలచిన జంట నోటీసు ఇస్తే, వివాహ అధికారి దాన్ని తన ఆఫీసులో అందరికీ కనపడే చోట అంటించాలి. 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఇద్దరిలో ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే, ఒక కాపీని ఆ జిల్లా వివాహ అధికారికి పంపాలి, ఆయనా తన ఆఫీసులో అంటించాలి. అంటే నల్లగొండ జిల్లా నుంచి హైదరాబాద్ పోయి అక్కడ దరఖాస్తు పెట్టుకున్న అమ్మాయి పేరు తిరిగి నల్లగొండ గోడ మీదికే వస్తుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుడి హత్య ఈ జిల్లాను కుదిపేసింది. ఆ హత్యకూ నోటీసు బోర్డుకూ సంబంధం లేదు. కానీ అట్లాంటిది జరిగిన చోట, ఇద్దరు పెద్దవాళ్లు తమ ఇష్టంతో చేసుకోబోయే పెళ్లిని నెల రోజులు గోడ మీద పెట్టడం అమాయకమైన పని కాదు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరుకుంటేనే నోటీసు ప్రచురించాలని తీర్పు చెప్పింది. చట్టంలో రాసింది మాత్రం ఇప్పటికీ పాతదే.

ఈ రెంటికీ తేడా తేల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. ఇంటి జాబితాలో ఉన్నది ఊరి సొమ్ము, పెళ్లి నోటీసులో ఉన్నది ఇద్దరి బతుకు. మొదటి దాని మీద ఊరికి ప్రశ్నించే హక్కుంది, రెండో దాని మీద లేదు. లబ్ధిదారుల జాబితాలో కూడా పేరు, ఇంటి నంబరు, మంజూరైన మొత్తం ఉంటే చాలు. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా అందులో ఉండాల్సిన పనే లేదు. వాటిని అట్లాగే జిరాక్స్ తీసి గోడకు గుచ్చడం బద్ధకం తప్ప పారదర్శకత కాదు. ఇప్పుడు ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తిగత వివరాలు ఎప్పుడు ఇవ్వనక్కర్లేదో చెప్పే సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చింది. వ్యక్తిగత వివరాలనే సాకుతో ఇక ఊరి సొమ్ము జాబితాలనూ దాచేస్తారేమోనని హక్కుల కార్యకర్తల భయం. ఆధార్ నంబర్లు కూడా గోడకెక్కించిన ఆఫీసే రేపు పేర్లు కూడా ఇవ్వనంటే ఆశ్చర్యం లేదు.

వాట్సాప్ ఉండగా ఇంకా బోర్డు ఎందుకు అనేవాళ్లకు సగం జవాబు వలస దగ్గరే దొరుకుతుంది. బొంబాయిలో కూలి పని కోసం నాకా (అడ్డా) మీద నిలబడ్డ మనిషికి పంచాయతీ గోడ కనపడదు, గ్రూపు మెసేజ్ కనపడుతుంది. ఆ మేరకు ఫోన్‌దే పైచేయి. కానీ ఊరి గ్రూపులో పొద్దున పడ్డ నోటీసు మధ్యాహ్నానికి శుభోదయాల కింద, పెళ్లి కార్డుల కింద, పార్టీ తగాదాల కింద పడిపోతుంది. గ్రూపులో ఎవరుండాలో అడ్మిన్ చేతిలో ఉంటుంది. ప్రశ్న అడిగినవాణ్ని తీసేయడానికి ఒక్క నొక్కు చాలు. ఫోన్ ఇంట్లో మగవాళ్ల జేబులో ఉంటే నోటీసూ అక్కడే ఉండిపోతుంది. పైగా ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీసేశారు అన్నది రేపు తేల్చాలంటే కష్టం. ఇప్పుడు జనం తమంతట తాముగా చేస్తున్న పనే మేలైనది. బోర్డు మీది కాగితాన్ని ఫోటో తీసి బొంబాయిలో ఉన్న తమ్ముడికి పంపుతున్నారు. కార్యదర్శి పై ఆఫీసుకు పంపే ఫోటోనే, అక్షరాలు కనపడేట్టు దగ్గర్నుంచి తీసి ఊరి గ్రూపులో కూడా వేస్తే ఖర్చేమీ పెరగదు.

ఫ్లెక్సీల గురించి ఒక్క మాట. బహిరంగ స్థలాలను పాడుచేయకుండా ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. "ఇక్కడ పోస్టర్లు అంటించరాదు" అన్న రాతల మీదే పోస్టర్లు ఉండటం చూస్తే దాని గతి అర్థమవుతుంది. పాత కాగితం పోస్టర్లయినా నయం. మైదాపిండి జిగురుతో అంటించేవాళ్లు కాబట్టి రెండు రోజుల్లో మేకలు గీక్కుని తినేసేవి. ఫ్లెక్సీని మేక కూడా ముట్టదు.

మరి బోర్డు ఎక్కడ ఉండాలి? పంచాయతీ ఆఫీసుకు జనం పని పడితేనే పోతారు. ఊళ్లో ఆడవాళ్లు, మగవాళ్లు రోజూ ఆగే చోట్లు కొన్నే ఉన్నాయి. బొడ్రాయి దగ్గర కూర్చునేది ఎక్కువగా మగవాళ్లు. చాయ్ హోటల్ కూడా అంతే. రేషన్ షాపు ముందు ఆడవాళ్లు నిలబడతారు కానీ నెలలో కొన్ని రోజులే. బస్ స్టేజీ దగ్గర 2023 డిసెంబరు నుంచి, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, జనం పెరిగారు. బస్సు కోసం కాచుకున్న అరగంట చదవడానికి చాలా మంచి వేళ. నల్లగొండ వైపు అన్నిటికన్నా మంచి చోటు పాల కేంద్రమే అనిపిస్తుంది. తెల్లవారి ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏడాది పొడవునా జనం అక్కడికి వచ్చి వరసలో నిలబడతారు. అక్కడ ఒక బోర్డు ముందే ఉంటుంది కూడా. వెన్న శాతాన్ని బట్టి లీటరుకు ఎంత వస్తుందో చెప్పే చార్టు అది. గడులు చిన్నవి, అంకెలు సన్నవి, మీద ఈగలు. అయినా ఆ చార్టు చదవనివాళ్లు ఆ వరసలో ఉండరు. చీటీ మీద ఫ్యాట్ 6.2 అని పడితే, ఆ గడి మీద వేలు పెట్టి చూసి, నిన్నటి కన్నా ఎందుకు తగ్గిందని అడిగి, లెక్క సరిపోయాకే క్యాను పట్టుకుని కదులుతారు. దాని పక్కన మేకు కొట్టి భూసేకరణ నోటీసో, వార్డు ఓటర్ల జాబితానో తగిలిస్తే, ముందున్నవాళ్ల పాలు కొలిచేదాకా దాన్ని కూడా చదువుతారు.